నయాగరా స్థలపురాణం

(తెలుగువారి వేసవి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్న అమ్మలకు, నాన్నలకు, అత్తయ్యలకు, మావయ్యలకు మరోసారి నమస్కారం. ఈ ప్రసంగం ముఖ్యంగా మీకోసమే. వేసవి రాగానే ఇండియా నుంచి మీరు వస్తారు. జెట్‌లాగ్ తీరిందో లేదో, పులిహోర, పెరుగన్నం డబ్బాలు కట్టుకుని కారు నయాగరా వైపు బయల్దేరుతుంది. అక్కడ నీలం రంగు ప్లాస్టిక్ కోటు తొడిగి పడవ ఎక్కిస్తారు. ఫొటోలు దిగుతారు. సాయంత్రానికి తిరుగు ప్రయాణం. ఈ మధ్యలో ఎక్కడో ఒక చోట మీలో ఎవరో ఒకరు తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "ఇంత గొప్ప చోటికి స్థలపురాణం ఏమీ లేదా?" అని.

అడగవలసిన ప్రశ్నే. మన దగ్గర చిన్న గుట్టకైనా, ఊరి కోనేటికైనా ఒక కథ ఉంటుంది. నయాగరాకు కూడా ఉంది. నిజానికి రెండు కథలున్నాయి. ఒకటి ఆ నేల మీద పుట్టి పెరిగిన జనం చెప్పుకున్నది. రెండోది యాత్రికులకు అమ్మడానికి బయటివాళ్ళు అల్లింది. చాలా ఏళ్ళు ఆ రెండోదే మొదటిదానిలా చలామణి అయింది. ఇవాళ నేను చెప్పదలచుకున్నది, మీరు ఇంటికి తీసుకెళ్ళాల్సింది మొదటి కథని. ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

కథకు ముందు ఆ నీటి గురించి కాసేపు.

ఎత్తు చూసి నయాగరాను గొప్పది అనుకుంటే పొరపాటు. పెద్ద జలపాతం, అంటే గుర్రపు నాడా ఆకారంలో వంగి ఉండే హార్స్‌షూ జలపాతం, సుమారు 188 అడుగులు. మన తలకోన 270 అడుగులు. కర్ణాటకలో శరావతి దూకే జోగ్ అయితే 830. మరి నయాగరా దేనికి గొప్ప? వెడల్పుకు, నీటి మోతాదుకు, ఎండాకాలం వానాకాలం తేడా లేని ఆ ప్రవాహానికి. జోగ్‌ని ఏప్రిల్లో చూస్తే రాతి మీద సన్నటి చారలు కనిపిస్తాయి. నయాగరాకు ఆ బాధ లేదు. సుపీరియర్, మిచిగన్, హ్యూరన్, ఈరీ, ఈ నాలుగు సరస్సుల నీరంతా ఒంటారియో సరస్సుకు వెళ్ళడానికి ఉన్న దారి ఈ నదే. నది పొడవు 58 కిలోమీటర్లే. మన గోదావరి, కృష్ణల పక్కన పెడితే అదొక పిల్లకాలువ పొడవు. కానీ దాని వెనక నిలబడి ఉన్నది నాలుగు సముద్రాలంత నీరు.

అక్కడికి వెళ్ళినప్పుడు ఒక పని చేయండి. పడవ ఎక్కే ముందు గోట్ ఐలాండ్ అనే దీవిలోకి నడిచి, టెరాపిన్ పాయింట్ అంచున నిలబడండి. హార్స్‌షూ అంచు మీద నీరు వంగే చోటుని చూడండి. కింద పడేదాన్ని కాదు, పడబోయే ముందు వంగేదాన్ని. అక్కడ నీరు దళసరిగా, ముదురు పచ్చగా, గాజులా ఉంటుంది. నీటిలో కరిగిన ఖనిజాలు, నది అరగదీసి తెచ్చిన రాతిపొడి కలిసి ఆ రంగునిస్తాయి. అంత బరువైన నీరు అంచు దాకా తొందర లేకుండా వచ్చి, ఒక్కసారిగా తెల్లగా విరిగిపోతుంది. నేను చూసినవాటిలో ఇంతకన్నా అందమైనది లేదు. ఎన్నిసార్లు వెళ్ళినా ముందు ఆ అంచు దగ్గరికే పోతాను.

ఇంద్రధనుస్సు కావాలంటే ఎండ మన వీపు మీద పడాలి. కాబట్టి అమెరికా వైపునుంచి పొద్దున చూడండి, కెనడా వైపునుంచి మధ్యాహ్నం దాటాక చూడండి. వీసా ఉన్నవాళ్ళు రెండూ చూడొచ్చు. లేనివాళ్ళు బెంగపెట్టుకోవద్దు. దూరం నుంచి మొత్తం దృశ్యం కెనడా వైపు బాగుంటుంది గానీ, నీటికి దగ్గరగా వెళ్ళేది అమెరికా వైపే.

ఈ జలపాతం పుట్టి సుమారు 12,000 ఏళ్ళయింది. మంచుయుగం చివర్లో, హిమానీనదాలు కరిగి వెనక్కి తగ్గినప్పుడు మొదలైంది. మొదట అది ఇప్పుడున్న చోట లేదు. దాదాపు 11 కిలోమీటర్లు దిగువన, ఇప్పటి లూయిస్టన్ ఊరి దగ్గర ఉండేది. పైన గట్టి సున్నపు జాతి రాయి, దాని కింద మెత్తటి పలకరాయి. నీటి దెబ్బకు కింది రాయి ముందు అరిగిపోతుంది, ఆసరా లేక పైది విరిగిపడుతుంది. కోనసీమ లంకల్లో గట్టు కింద మట్టి కోసుకుపోయి పైనున్న కొబ్బరిచెట్లతో సహా విరిగి గోదాట్లో పడుతుంది చూశారా, అదే పని ఇక్కడ రాతి మీద జరుగుతోంది. అలా విరుగుతూ విరుగుతూ జలపాతం వెనక్కి నడుచుకుంటూ వచ్చింది. ఇంకా నడుస్తూనే ఉంది.

మరి ఈ నేల ఎవరిది? సెనెకా అనే ఆదివాసీ జాతివాళ్ళది. వాళ్ళున్న కూటమి పేరు ఇరోక్వా సమాఖ్య అని చరిత్ర పుస్తకాల్లో ఉంటుంది, వాళ్ళు తమను హౌడెనోషోనీ అని పిలుచుకుంటారు. మొదట అయిదు జాతులు కలిసిన కూటమి అది. దానికి పడమటి దిక్కున కాపలా సెనెకాలది. యూరప్ నుంచి వచ్చినవాళ్ళలో ఈ జలపాతాన్ని చూసి వివరంగా రాసిన మొదటివాడు హెన్నెపిన్ అనే క్రైస్తవ సన్యాసి. 1678 డిసెంబరులో చూశాడు. తర్వాత రాసిన పుస్తకంలో దీని ఎత్తు 600 అడుగుల పైమాటే అన్నాడు. ఆ చలికాలంలో, ఆ హోరు ముందు నిలబడ్డ మనిషి కళ్ళకు అలాగే కనిపించి ఉంటుంది. నేను ఆయన్ని తప్పుపట్టను.

ఇప్పుడు అమ్ముడుపోయిన కథ. చాలామంది వినే ఉంటారు. ఏటా ఒక కన్నెపిల్లను పూలతో, పండ్లతో అలంకరించిన పడవలో కూర్చోబెట్టి జలపాతంలోకి వదిలేవారట. దేవుడికి బలిగా. ఒక ఏడు నాయకుడి కూతురి వంతు వచ్చిందట. తండ్రి గుండె ఆగక తనూ ఇంకో పడవలో వెనకాలే దూకాడట. పోస్టుకార్డుల మీద ఈ బొమ్మే ఉండేది, పడవలో వినిపించే వ్యాఖ్యానంలో ఈ కథే ఉండేది. సెనెకాలు మొదటినుంచీ చెబుతున్నది ఒకటే: మనుషులను బలిచ్చే ఆచారం మాకు లేదు, ఇది మా కథ కాదు అని. 1996లో ఆదివాసులు నిరసన తెలిపాక గానీ పడవల నిర్వాహకులు దాన్ని వినిపించడం ఆపలేదు. ఒక జాతిని వాళ్ళ నేల మీదనుంచి తోసేసి, ఆ తర్వాత వాళ్ళ పేరుతోనే వాళ్ళను కన్నబిడ్డలను చంపుకునేవాళ్ళుగా చూపించి టికెట్లు అమ్మడం. ఇది చిన్న విషయం కాదు. నాకైతే దీన్ని తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

అసలు కథ వేరు. 1851లో లూయిస్ హెన్రీ మోర్గన్ అనే పరిశోధకుడు దాన్ని అచ్చులో పెట్టాడు. అతనికి ఆ జాతి సంగతులన్నీ విడమరచి చెప్పి సాయపడినవాడు ఈలీ పార్కర్ అనే సెనెకా యువకుడు. కథ ఇలా సాగుతుంది.

జలపాతానికి ఎగువన, కయూగా క్రీక్ అనే వాగు నయాగరా నదిలో కలిసే చోట ఒక ఊరుంది. ఆ ఊళ్ళో ఒక అమ్మాయి. ఆమెను ఒక ముసలివాడికి ఇచ్చి చేయాలని నిశ్చయించారు. అతని రూపమూ బాగోదు, గుణమూ మంచిది కాదు. కాదనడానికి దారి లేదు. చచ్చిపోదామనుకుని ఆ పిల్ల చెట్టు బెరడుతో చేసిన పడవ ఎక్కి ప్రవాహానికి వదిలేసుకుంది. పడవ జలపాతం అంచు దాటింది.

ఆ నీటితెర వెనక గుహలో హేనో ఉంటాడు. ఉరుము ఆయనే, మెరుపు ఆయనే, వాన ఆయనే. పంట పండాలంటే ఆయన దయ ఉండాలి. ఉరుములను హౌడెనోషోనీలు 'తాతలు' అని పిలుస్తారు. ఆకాశంలో ఉరిమితే తాతలు మాట్లాడుతున్నారని వాళ్ళకు ధైర్యం. ఆ హేనో, ఆయన సహాయకులు ఇద్దరు, పడుతున్న పిల్లను దుప్పటి పట్టి అందుకున్నారు. దెబ్బ తగలకుండా లోపలికి తీసుకెళ్ళారు. ఆ సహాయకుల్లో ఒకడికి ఆమె నచ్చింది, అతన్నే పెళ్ళాడింది.

చూశారా తేడా? అక్కడ నీరు పిల్లను మింగింది. ఇక్కడ నీరు పిల్లను కాపాడింది.

కథ ఇంకా ఉంది. ఆ ఊరికి కొన్నేళ్ళుగా ఒక పీడ పట్టింది. ఏడాదికొకసారి ఏదో అంతుపట్టని రోగం వచ్చి జనం పిట్టల్లా రాలిపోతున్నారు. కారణం ఎవరికీ తెలియదు. హేనో ఆమెకు చెప్పాడు. "మీ ఊరి అడుగున భూమిలో ఒక మహాసర్పం ఉంది. ఊరి పక్కన పాతిపెట్టిన శవాలే దాని తిండి. తిండి చాలనప్పుడు అది బయటికి వచ్చి నదిలో, వాగులో విషం కలుపుతుంది. ఆ నీళ్ళు తాగి మీవాళ్ళు చస్తున్నారు. వెళ్ళి చెప్పు. ఊరు ఖాళీ చేసి బఫెలో క్రీక్ దగ్గరికి వెళ్ళిపొమ్మను."

ఆమె వచ్చి చెప్పింది. జనం విన్నారు. మూటాముల్లె సర్దుకుని కదిలిపోయారు. కొన్నాళ్ళకు పాము తల బయటపెట్టి చూస్తే ఊరు లేదు. వాసన పట్టి వెంటపడింది. బఫెలో క్రీక్ దాకా వచ్చింది. అప్పుడు హేనో పిడుగు విసిరాడు. పాము గిలగిలా కొట్టుకుంది. అది పొర్లిన చోట వాగు గట్టు వంపు తిరిగిపోయిందని సెనెకాలు ఆ చోటు చూపించేవారట. చచ్చిన కళేబరం నదిలో తేలుతూ జలపాతం దాకా వచ్చి అడ్డంగా, విల్లులా వంగి ఇరుక్కుపోయింది. నీరు నిలిచిపోయి, ఆ బరువుకు రాళ్ళు విరిగిపడ్డాయి. మీరు ఫొటోల్లో చూసే ఆ గుర్రపు నాడా వంపు ఆ పాము ఒంటి వంపే. రాళ్ళతో పాటు హేనో ఇల్లు కూడా కూలిపోయింది.

మీలో చాలామందికి ఈపాటికి భాగవతంలో కాళియుడు గుర్తొచ్చే ఉంటాడు. అక్కడా పాము మడుగును విషం చేసింది, అక్కడా దైవం దిగవలసి వచ్చింది. కానీ కృష్ణుడు కాళియుణ్ణి చంపలేదు, సముద్రానికి పంపేశాడు, యమున మళ్ళీ తియ్యగా మారింది. సెనెకా కథలో గెలుపుకు ఖరీదు ఉంది. జనం ఊరు వదులుకున్నారు, కాపాడినవాడు ఇల్లు పోగొట్టుకున్నాడు. నాకు ఈ కథలో అన్నిటికన్నా బలంగా తగిలే చోటు అదే.

ఇక్కడ కథ ఆపేసి మ్యాపు తెరవాలి. కయూగా క్రీక్ నిజమైన వాగు. ఇప్పటికీ పారుతోంది. నయాగరా ఫాల్స్ నగరంలో లాసాల్ అనే పేట పక్కనే నదిలో కలుస్తుంది. దానికి ఒక చిన్న ఉపవాగు ఉంది, బెర్గోల్జ్ క్రీక్. ఆ ఉపవాగు ఒడ్డున ఉన్న కాలనీ పేరు చెబితే పర్యావరణం గురించి చదువుకున్న పిల్లలు వెంటనే గుర్తుపడతారు. లవ్ కెనాల్.

1895లో నయాగరా నీటితో పెద్ద ఎత్తున ఏసీ కరెంటు, అంటే దిశ మారుతూ ప్రవహించే కరెంటు, తయారుచేయడం మొదలైంది. టెస్లా రూపొందించిన పద్ధతి అది. 1896 నవంబరులో ఆ కరెంటు బఫెలో నగరం చేరింది. ఇవాళ మన ఇళ్ళకు ఎక్కడో దూరాన తయారైన కరెంటు వస్తోందంటే దాని తొలి అడుగుల్లో ఇదొకటి. అది గొప్ప సంగతే, కాదనను. చవకగా కరెంటు దొరికేసరికి రసాయన కర్మాగారాలు నది ఒడ్డున బారులు తీరాయి. ఇక ఆ కాలంలోనే విలియం లవ్ అనే ఆయన కాలువ తవ్వి కొత్త నగరం కడతానని బయల్దేరి, కొంత తవ్వాక డబ్బు లేక వదిలేశాడు. ఆ సగం తవ్విన గుంటలో 1942 నుంచి 1953 దాకా హుకర్ అనే రసాయన కంపెనీ 20,000 టన్నులకు పైగా వ్యర్థాలు పాతిపెట్టింది. పైన మట్టి కప్పి, ఒక్క డాలరుకు స్థానిక విద్యాశాఖకు రాసిచ్చింది. అడుగున రసాయనాలున్నాయన్న మాట దస్తావేజులో ఉంది. అయినా అక్కడ బడి కట్టారు. చుట్టూ ఇళ్ళు లేచాయి.

1970ల మధ్యలో వానలు, మంచు ఎక్కువై భూమిలో నీటిమట్టం పెరిగింది. పాతిపెట్టింది పైకి వచ్చింది. ఇళ్ళ బేస్‌మెంట్ల గోడల్లోంచి నల్లటి జిగురు కారింది. పెరట్లో ఆడుకున్న పిల్లలకు చేతులు, ముఖాలు మండాయి. గర్భస్రావాలు, పుట్టుకలోనే లోపాలు. అధికారులు ముందు పట్టించుకోలేదు. లోయిస్ గిబ్స్ అనే ఒక తల్లి, బడికి వెళ్ళే తన కొడుకు జబ్బుపడటంతో, ఇల్లిల్లూ తిరిగి వివరాలు రాసుకుని జనాన్ని కూడగట్టింది. 1978 ఆగస్టు 7న అధ్యక్షుడు కార్టర్ అత్యవసర పరిస్థితి ప్రకటించాడు. వందల కుటుంబాలు ఇళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయాయి. విషపు నేలలను శుభ్రం చేయించే సూపర్‌ఫండ్ చట్టం 1980లో వచ్చిందంటే ముఖ్య కారణం ఈ కాలనీయే.

ఊరి అడుగున విషం. వాగులోకి దిగే విషం. రోగం ఎందుకొస్తోందో తెలియని జనం. కారణం కనిపెట్టి వచ్చి చెప్పిన ఒక ఆడమనిషి. ఊరు వదిలి వెళ్ళిపోవడం. అంతా ఆ వాగు దగ్గరే. దీన్ని జోస్యం అని నేను అనను. మాయలూ మంత్రాలూ వెతకను. ఆ నేల మీద తరాల తరబడి బతికిన జనం, మంచినీరు అంటే ఏమిటో, అది చెడితే ఏమవుతుందో తమకు తెలిసిన పద్ధతిలో గట్టిగా చెప్పి పెట్టుకున్నారు. ఆ కథ 1851 నుంచి అచ్చులో ఉంది. దాన్ని పక్కనపెట్టి బలి కథ వినిపించారు. నష్టం ఎక్కడ జరిగిందో చూడండి.

టైమ్ చూసుకోమంటున్నారు. కొన్ని త్వరగా చెప్పేస్తాను. బ్లాండిన్ అనే ఆయన 1859లో తాడు మీద నడవడం, 1901లో ఆనీ టేలర్ అనే ఆవిడ తన 63వ పుట్టినరోజున పీపాలో కూర్చుని జలపాతం దాటి బతికి బయటపడటం, ఇవన్నీ అక్కడి మ్యూజియంలో ఉంటాయి. పిల్లలకు సరదాగా ఉంటుంది, చూపించండి. నేను మాత్రం ఇంకో రెండు సంవత్సరాలు గుర్తుపెట్టుకోమంటాను.

ఒకటి 1848. మార్చి 29 రాత్రి ఈరీ సరస్సు మంచు గడ్డలు నది మొదట్లో అడ్డుపడి నీరు ఆగిపోయింది. అలవాటైన హోరు ఆగేసరికి జనానికి నిద్రపట్టలేదు. తెల్లారి చూస్తే జలపాతం లేదు. 30 గంటలకు పైగా అలాగే ఉంది. లోకం అంతమైపోతోందని కొందరు చర్చిలకు పరిగెత్తారు. కొందరు ధైర్యం చేసి ఎండిన నది అడుగున నడిచి, అమెరికాకు, బ్రిటన్‌కు మధ్య జరిగిన 1812 యుద్ధంలో పడిపోయిన తుపాకులు, బాయినెట్లు ఏరుకున్నారు.

రెండోది 1885. అంతకు ముందు అమెరికా ఒడ్డంతా సొంతదారుల చేతుల్లో ఉండేది. కంచెలు వేసి, డబ్బిస్తే గానీ చూడనిచ్చేవారు కాదు. న్యూయార్క్ సెంట్రల్ పార్కు రూపొందించిన ఓమ్‌స్టెడ్, ఆయన మిత్రులు ఏళ్ళ తరబడి పోరాడారు. 1885 జూలైలో ఒడ్డు ప్రజలదైంది. ఇవాళ గోట్ ఐలాండ్‌లో నడవడానికి టికెట్ లేదంటే వాళ్ళ పుణ్యమే. అందుకే అక్కడికి వెళితే పడవ క్యూలోనే పూటంతా గడపొద్దు, ఆ చెట్ల కింద నడవండి.

ఇక నీటి సంగతి. 1950లో రెండు దేశాలు ఒప్పందం రాసుకున్నాయి. యాత్రికులు వచ్చే కాలంలో, పగటిపూట జలపాతం మీదుగా సెకనుకు 1,00,000 ఘనపుటడుగులకు తగ్గకుండా నీరు వదలాలి. రాత్రుళ్ళు, చలికాలంలో అందులో సగం వదిలితే చాలు, మిగతాది టర్బైన్లకు. అంటే మనం చూసేది నది పూర్తి బలం కాదు. అయినా అంత అందంగా ఉందంటే, హేనో కాలంలో ఎలా ఉండేదో ఊహించండి.

ఆ టర్బైన్ల కోసం ఇంకొకరు ఇచ్చుకున్నది కూడా చెప్పకపోతే ఈ ప్రసంగం సగమే అవుతుంది. టస్కరోరాలు హౌడెనోషోనీ కూటమిలో ఆరో జాతిగా చేరినవాళ్ళు. దక్షిణాదిలో తమ నేల పోగొట్టుకుని ఇక్కడికి వచ్చారు. లూయిస్టన్ పక్కన వాళ్ళ రిజర్వేషన్, అంటే వాళ్ళ జాతికి కేటాయించిన నేల, ఉంది. 1950ల చివర్లో విద్యుత్ కేంద్రానికి జలాశయం కట్టడానికి వాళ్ళ నేల అడిగారు. అమ్మేది లేదన్నారు వాళ్ళు. సర్వేయర్ల బండ్లకు అడ్డంగా నిలబడ్డారు, ఆడవాళ్ళు ముందు నిలబడ్డారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1960లో ఓడిపోయారు. సుమారు 550 ఎకరాలు నీళ్ళకింద పోయాయి. తీర్పుతో విభేదించిన జస్టిస్ బ్లాక్ రాసిన చివరి వాక్యం ఇది: "గొప్ప మనుషుల్లాగే గొప్ప దేశాలు కూడా ఇచ్చిన మాట నిలబెట్టుకోవాలి." పోలవరం, శ్రీశైలం ముంపు ఊళ్ళ గురించి తెలిసిన మనకు ఈ బాధ విడమరచి చెప్పనక్కర్లేదు.

టస్కరోరాలు ఇప్పటికీ అక్కడే ఉన్నారు. ఏటా జూలైలో వాళ్ళ పిక్నిక్, ఆటల పండుగ జరుగుతుంది, బయటివాళ్ళను కూడా రానిస్తారు. మొక్కజొన్న సూప్ ఉంటుంది, పూసలతో అల్లిన వస్తువులు అమ్ముతారు. జలపాతం నుంచి కారులో అరగంట కూడా పట్టదు. ఈసారి నయాగరా వెళ్ళేవాళ్ళు తేదీలు చూసుకుని, ఆ రోజు కలిసొచ్చేలా ప్లాన్ చేసుకోండి. కొనేదేదో వాళ్ళ దగ్గర కొనండి. హేనో గురించి పెద్దవాళ్ళను అడగండి, ఓపిగ్గా చెప్పేవాళ్ళున్నారు. దారి తెలియనివాళ్ళు, పెద్దవాళ్ళను తీసుకెళ్ళడానికి కారు కుదరనివాళ్ళు ఇప్పుడు టీ విరామంలో నన్ను కలవండి. ఎవరి బండిలో ఎన్ని సీట్లున్నాయో చూసుకుని మాట్లాడుకుందాం.